బాబాయి వెనక చక్రం

సముద్రం పక్కనే ఆరు రోజులు సైకిల్ తొక్కానని చెప్తే ఎవరైనా ముందు అడిగేది సముద్రం గురించే. మొదటి మూడు రోజుల గురించి, చివరి రెండు రోజుల గురించి ఎంతసేపైనా చెప్పగలను. నాలుగో రోజు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా దగ్గర ఉన్నదల్లా బాబాయి సైకిల్ వెనక మడ్‌గార్డే. దాని మీద ఒక ఎర్ర రిఫ్లెక్టర్ ఉండేది, ఎడమవైపు కింది మూల పగిలి. మడ్‌గార్డ్‌ని పట్టుకునే సన్నటి కడ్డీ ఎప్పుడో ఊడిపోతే రాగి తీగతో కట్టేశారాయన. ఆ తీగకి మూడు మెలికలు. పదకొండేళ్ళయింది. ఇప్పటికీ కాగితం, పెన్సిల్ ఇస్తే బొమ్మ వేసి చూపిస్తాను.

మేం మొత్తం పద్నాలుగు మందిమి. వెనక సామాన్లు మోసే వ్యాను ఒకటి. ఆరు రోజులకి దాదాపు 600 కిలోమీటర్లు, అందులో నాలుగో రోజుది అన్నిటికన్నా పెద్దది, 124. అందరిలోకీ పెద్దాయన బాబాయి. మాకెవరికీ చుట్టరికం లేదు, మొదటి రోజు ఎవరో అలా పిలిచారు, సాయంత్రానికి అందరికీ బాబాయి అయిపోయారు. బ్యాంకులో క్యాషియర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. అందరం గేర్ల సైకిళ్ళ మీద పడి ఎన్ని గేర్లు, ఎంత బరువు అని మాట్లాడుకుంటుంటే ఆయన మాత్రం పాత ఇనుప ఫ్రేము సైకిల్‌కే గేర్లు పెట్టించుకుని వచ్చారు. ఆ బరువు చూసి మొదటి రోజు నేనూ నవ్వాను. ఆ సంగతి దాచుకోవడం ఎందుకు.

ఆ రోజు తెల్లవారుజామున 5 గంటలకే బయల్దేరాం. ఇంకా చీకటిగానే ఉంది. ముందు దీపాలు తెల్లగా, వెనక దీపాలు ఎర్రగా, చైన్లు తిరిగే చప్పుడు తప్ప ఇంకేం లేదు. నేల వైపు నుంచి సముద్రం వైపుకి సన్నగా గాలి వీస్తోంది, చెవికి తగిలీ తగలనట్టు. అలల చప్పుడు వినపడుతోంది కానీ నీళ్ళు కనపడట్లేదు. ఏడున్నరకి 46 కిలోమీటర్లు అయిపోయాయి. ఆగి తినేటప్పుడు మా బృందంలో ఒకన్న లెక్క కట్టేశాడు: "ఇదే లెక్కన ఒంటి గంటకల్లా చేరిపోతాం. మధ్యాహ్నం నిద్ర కూడా వేయొచ్చు."

ఈ అన్న గురించి చెప్పాలి. బ్రెవేలు తొక్కినవాడు. బ్రెవే అంటే 200 కిలోమీటర్లని పదమూడున్నర గంటల్లో, 300ని ఇరవై గంటల్లో పూర్తి చేయాలి, దారిలో కార్డు మీద ముద్రలు వేయించుకోవాలి. అవన్నీ చేసొచ్చాడు. ఎప్పటికైనా ఫ్రాన్స్‌లో జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్ తొక్కాలన్నది ఆయన కల. 1200 కిలోమీటర్లు, 90 గంటలు. గొప్ప విషయమే, కాదనను. కానీ బ్రెవేలో గడియారం మాట వినాలి, గుంపుగా వెళ్ళే యాత్రలో అందరికన్నా వెనకున్నవాడి మాట వినాలి. మూడు రోజులుగా ఈ తేడా ఆయనకి మింగుడు పడట్లేదు.

బాబాయి అరటిపండు తొక్క తీస్తూ, "గాలి లేస్తుంది బాబూ. పదిన్నర దాటనీ," అన్నారు.

ఎవరూ పట్టించుకోలేదు.

పదిన్నర కూడా కాలేదు. 76వ కిలోమీటరు దగ్గర నీళ్ళకి ఆగాం. మళ్ళీ సైకిల్ ఎక్కేసరికి నా టోపీ అంచు పైకి లేచింది. ముందు చల్లగా హాయిగా అనిపించింది. ఎండకి మాడుతున్న ముఖాలు కదా, అందరం "అబ్బా" అనుకున్నాం కూడా. పది నిమిషాల్లో ఆ హాయి పోయింది.

దీని వెనక సంగతి తర్వాత చదివి తెలుసుకున్నాను గానీ, చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో బొమ్మ వేసి మరీ నేర్పిందే. నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు ఆలస్యంగా వేడెక్కుతుంది. పొద్దెక్కేకొద్దీ నేల మీది గాలి వేడెక్కి పైకి పోతుంటే, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. రాత్రి దీనికి తిరగబడి, నేల మీంచి నీళ్ళ వైపు. పరీక్షలో ఐదు మార్కులకి రాసిందే, బాణం గుర్తులు కూడా సరిగ్గా వేశాను. ఆ బాణాలు నా ఛాతీకి తగులుతాయని మాత్రం అప్పుడు తెలీదు.

సముద్రం మాకు కుడిపక్క. కాబట్టి గాలి కుడి నుంచి. అలాగే ఉన్నా ఏదోలా నెట్టుకొచ్చేవాళ్ళం. కానీ అక్కడి నుంచి తీరంతోపాటు రోడ్డు కూడా కుడికి వంగింది. పక్కగాలి కాస్తా ఏటవాలుగా ఎదురుగాలి అయి కూర్చుంది. గంటకి 20 కిలోమీటర్లలో పోయేవాడికి అంతే వేగంతో గాలి ఎదురొస్తే, ఒంటికి తగిలే గాలి 40 అవుతుంది. గాలి రెట్టింపైతే దాని అడ్డు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. ఇది నిలబడి ఆలోచిస్తే అర్థం కాదు. సైకిల్ ఎక్కితే తొడలకి వెంటనే అర్థమవుతుంది. మా వేగం 20 నుంచి 14కి, 14 నుంచి 11కి పడిపోయింది. కిలోమీటరు రాళ్ళు రావడం మానేశాయా అనిపించింది.

పద్నాలుగు మందిమీ ఒకటే వరసలో ఈదుకుంటూ పోతున్నాం. బాబాయి చేయెత్తి అందరినీ ఆపించారు.

"ఇలా కాదు. ముగ్గురు నలుగురు ముందుండి నలిగిపోతున్నారు, వెనకవాళ్ళకీ సుఖం లేదు. మూడు గుంపులవుదాం," అన్నారు.

ఎదురుగాలి తిన్నగా వస్తే ముందువాడి వెనక సరిగ్గా నక్కితే చాలు, శ్రమ మూడో వంతు దాకా తగ్గిపోతుంది. ఏటవాలు గాలికి, గాలి తగలని ఆ నీడ కూడా ఏటవాలుగానే పడుతుంది. గాలి ముందు కుడి నుంచి వస్తే, ముందువాడికి వెనక ఎడమగా ఉండాలి. మీ వెనకవాడు మీకు ఇంకాస్త ఎడమగా. అలా వరస మెట్లు మెట్లుగా ఎడమకి జరుగుతూ పోతుంది. నలుగురైదుగురు అయ్యేసరికి రోడ్డు అంచు వచ్చేస్తుంది. ఆ తర్వాతివాడికి నీడ దొరకదు, మట్టిలోకి దిగాల్సిందే. అందుకని చిన్న చిన్న గుంపులు. నేను బాబాయి గుంపులో పడ్డాను. మొత్తం ఐదుగురం. నా స్థానం ఆయన వెనకే.

ఒక్కొక్కరు ఎంతసేపు ముందుండాలన్నదానికి కూడా ఆయన దగ్గర లెక్క ఉంది. నిమిషాలు కాదు, తొక్కుళ్ళు. కుడి పెడల్ కిందికి వచ్చినప్పుడల్లా ఒకటి. మొదట్లో రెండు వందలు అన్నారు. తర్వాత వంద. చివరికి ఎనభైకి దిగాం. ఎనభై అవగానే ముందున్నవాడు పక్కకి తప్పుకుని వెనక్కి చేరాలి. జీవితమంతా నోట్లు లెక్కపెట్టిన మనిషికి పెడళ్ళు లెక్కపెట్టడం ఎంత పని? మాట్లాడుతూ కూడా లెక్క తప్పేవారు కాదు.

నేను పడింది ఈ గుంపు కట్టిన పావుగంటకే.

రోడ్డు చిన్న మిట్ట ఎక్కింది. కుడిపక్క సరుగుడు చెట్లు ఒక్కసారిగా అయిపోయి సముద్రమంతా తెరుచుకుంది. నీళ్ళ మీద ఎక్కడ చూసినా తెల్ల నురగ గీతలే. ఎంత చూసుంటాను, రెండు సెకన్లు. సైకిల్ మీద ఉన్నప్పుడు కన్ను ఎటు పోతే చేయి అటే పోతుంది. నాకు తెలీకుండానే హ్యాండిల్ కుడికి జరిగింది. నా ముందు చక్రం బాబాయి వెనక చక్రానికి రాసుకుంది. టైరుకి టైరు తగిలినప్పుడు వచ్చే ఆ "జుర్ర్" చప్పుడు ఒకసారి వింటే మర్చిపోరు. ఇలా తగిలితే ముందువాడికి ఏం కాదు. వెనకవాడికి హ్యాండిల్ తిప్పే వీలు పోతుంది కాబట్టి పడేది వాడే. నేను పడ్డాను. మోచేయి చెక్కుకుపోయింది, మోకాలు కొట్టుకుంది. నా వెనకున్నావిడ ఎలా బ్రేకు వేసి ఆగిందో ఆవిడకే తెలియాలి.

బాబాయి వెనక్కి వచ్చి ముందు నా చేయి చూశారు, తర్వాత నా హ్యాండిల్ చూశారు. వంకర పోయింది. ముందు చక్రాన్ని తన రెండు మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుని, హ్యాండిల్‌ని ఒక్క గుంజు గుంజి సరిచేశారు.

"ఏం చూశావు నాన్నా?"

"సముద్రం, బాబాయ్."

"సముద్రం ఎక్కడికీ పోదు. నా చక్రం పోతుంది. చక్రం చూడు."

అంతే అన్నారు. తిట్టలేదు. తిడితే బావుండేదేమో, కాసేపు కోపంతో అయినా తొక్కేవాణ్ణి.

అప్పటి నుంచి చూశాను. చక్రమంటే చక్రమే. పగిలిన రిఫ్లెక్టర్, రాగి తీగ, టైరు అంచున ఎండిన మట్టి గీత. ఆయన తొక్కడం ఆపితే ఫ్రీవీల్ టకటకమని మోగేది, అది వినగానే నేనూ కాళ్ళు ఆపేవాణ్ణి. ఆయన గుంటకి పక్కకి తప్పుకుంటే గుంట చూడకుండానే నేనూ తప్పుకునేవాణ్ణి. ఒక దశలో ఎండ, గాలి, నొప్పి అన్నీ ఎక్కడో దూరంగా జరుగుతున్నట్టుండేది. ఆ మూడు మెలికల తీగ ఒక్కటే దగ్గరగా ఉండేది.

నా వంతు వచ్చినప్పుడు ముందుకెళ్ళాల్సిందే కదా. ముందు ఉండటం అంటే గోడని ఛాతీతో నెట్టడం. చెవుల్లో గాలి హోరుకి సొంత ఊపిరి కూడా వినపడదు. నోట్లో ఉప్పు. మూడో విడతో నాలుగో విడతో, లెక్క యాభైకి వచ్చింది. ఇంక నావల్ల కాలేదు. యాభై తర్వాత నేరుగా అరవై ఒకటి అనుకున్నాను. ఎవరికి తెలుస్తుంది, లెక్క నా నోట్లోనే కదా! డెబ్భై, ఎనభై అనేసి ఎడమ భుజం మీంచి ఒకసారి వెనక్కి చూసి, పక్కకి తప్పుకుని వెనక్కి జారాను. పక్కనుంచి వెళ్తూ బాబాయి అన్నారు:

"యాభై తర్వాత అరవై ఏ బడిలో చెప్పారు నాన్నా?"

వెనక నుంచి నా కుడి కాలు లెక్కపెడుతున్నారాయన! నోట్ల కట్టలో ఒక్క కాగితం తగ్గినా వేలికి తెలిసిపోయే మనిషి ముందు నా దొంగలెక్క. మళ్ళీ ఎప్పుడూ తగ్గించలేదు. ఒకసారి ఎనభై మూడు కూడా తొక్కాను, అప్పు తీర్చినట్టు. దాని గురించి ఆయన ఏమీ అనలేదు.

98వ కిలోమీటరు దగ్గర పంక్చర్. నాదే. ఆ రోజు నాది కాకపోతే ఆశ్చర్యపోవాలి. వెనక చక్రం. నా దగ్గర కొత్త ట్యూబు ఉంది, ఐదు నిమిషాల్లో మార్చేశాను. గాలి కొట్టి ఎక్కబోతుంటే బాబాయి, "గుచ్చింది ఏదో చూశావా?" అన్నారు. చూడలేదు. రెండు వందల గజాలు పోయేసరికి కొత్త ట్యూబు కూడా తుస్సుమంది.

ఈసారి ఆయనే రోడ్డు పక్కన చతికిలబడ్డారు. టైరు పూర్తిగా విప్పి, బొటనవేలు లోపల పెట్టి అంచు నుంచి అంచుకి నెమ్మదిగా జరుపుతూ వచ్చారు, కళ్ళు మూసుకుని. ఒకచోట ఆగారు. గోళ్ళతో పట్టుకుని లాగితే వెంట్రుకంత ఉక్కు తీగ ముక్క, అర అంగుళం కూడా లేదు. లారీ టైర్లు అరిగి పేలినప్పుడు లోపలి తీగలు ఇలా ముక్కలై రోడ్డు మీద పడతాయట. పైనుంచి చూస్తే కనపడదు. ట్యూబు మార్చినా మళ్ళీ గుచ్చుతూనే ఉంటుంది.

ఇంకో ట్యూబు లేదు, ప్యాచ్ వేయాలి. ప్యాచ్ వేసే చోట గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, దాని మెరుపు పోయేదాకా ఆరనివ్వాలి. తడిగా ఉండగా అతికిస్తే నిలవదు. ఆ రెండు నిమిషాలు ఆగడమే కష్టం అక్కడ. గాలికి ఇసుక కొట్టుకొచ్చి సొల్యూషన్ మీద పడుతోంది. మొదటి ప్యాచ్ అలాగే పాడైంది. రెండోసారి మా గుంపువాళ్ళంతా గాలికి వీపు పెట్టి మా ఇద్దరి చుట్టూ గోడలా నిలబడ్డారు. బ్రెవే అన్న కూడా తన గుంపుని ఆపి వచ్చి నిలబడ్డాడు. గడియారం చూసుకోలేదు. నవ్వుతూ, "ఆ డన్‌లప్ గారు 1888లో గాలి టైరుకి పేటెంట్ తీసుకోకుండా ఉంటే మనకీ బాధ ఉండేది కాదు," అన్నాడు. "తన కొడుకు మూడు చక్రాల బండి కోసం చేశాడుట కదన్నా," అన్నాను. బాబాయి తలెత్తకుండా, "గట్టి రబ్బరు టైరు మీద 124 తొక్కు, అప్పుడు తెలుస్తుంది ఆయన విలువ. వీపు చేతికొస్తుంది," అన్నారు.

తర్వాత కొంత దూరానికి మా గుంపులో అందరికన్నా చిన్నమ్మాయి, మూడు రోజులుగా అందరికన్నా బలంగా తొక్కినమ్మాయి, వరసలోంచి జారిపోవడం మొదలెట్టింది. ముందు మేం గమనించలేదు. దగ్గరికెళ్ళి చూస్తే ముఖం తెల్లగా పాలిపోయింది, చేతులు వణుకుతున్నాయి. "ఏమైంది తల్లీ, ఎప్పుడు తిన్నావు?" అని బాబాయి అడిగితే, "పొద్దున్నే" అంది. జేబులో ఖర్జూరాలున్నాయి. పక్కగాలికి హ్యాండిల్ ఎటు లాగేస్తుందోనని భయపడి, ఒక చేయి వదిలి జేబులో పెట్టే ధైర్యం చేయలేదట. గట్టిగా తొక్కితే ఒంట్లో నిల్వ ఉన్న చక్కెర గంటన్నర, రెండు గంటలకి మించి రాదు. మధ్యమధ్యలో వేస్తూ ఉండాలి, పొయ్యిలో కట్టె వేసినట్టు. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. ఇంకో మోసం ఏంటంటే, ఆ గాలికి చెమట పట్టీ పట్టగానే ఆరిపోతుంది, అసలు చెమట పట్టినట్టే తెలీదు, దాహం కూడా వేయదు. చొక్కాల మీద తెల్ల చారలు కట్టిన ఉప్పు చూస్తే తెలుస్తుంది ఎంత పోయిందో.

వ్యాను ఎక్కమన్నాం. ఎక్కనంది. ఖర్జూరాలు తిని, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగి, అరగంట నీడలో పడుకుని లేచింది. చివరి పన్నెండు కిలోమీటర్లు ఆ అమ్మాయిని మధ్యలో పెట్టుకుని, ముందుకి రానివ్వకుండా తీసుకొచ్చాం. దిగేటప్పుడు "థ్యాంక్స్" కూడా అనలేకపోయింది, అందరికీ చేయి మాత్రం ఊపింది.

ఒంటి గంటకి చేరి నిద్ర వేయాల్సిన మేం చేరేసరికి సాయంత్రం ఐదున్నర. బస అలలకి నూరు గజాల దూరంలో. సైకిళ్ళు పడేసి అందరూ నీళ్ళ వైపు పరుగెత్తారు. నేను గట్టు మీద కూలబడ్డాను. ఎదురుగా సముద్రం ఉంది, రోజంతా చూడొద్దన్న సముద్రం. చూద్దామనే అనుకున్నాను. కళ్ళు మూతలు పడ్డాయి. లేచేసరికి చీకటి.

బాబాయి ఒక్కరే బావి దగ్గర బకెట్టుతో మంచినీళ్ళు పోసి తన సైకిల్ కడుగుతున్నారు. "ఉప్పు గాలి తిన్న చైను కడగకుండా పడుకుంటే పొద్దున్నకి తుప్పు రంగు తేలుతుంది," అన్నారు. నా సైకిల్ కూడా అప్పటికే కడిగేసి గోడకి ఆనించారని తెలిసింది. చైను తుడిచి, ఒక్కో లింకుకి ఒక్కో చుక్క చొప్పున నూనె వేశారు. అది కూడా లెక్కపెడుతూనే. సిగ్గేసి నేను వెళ్ళి మిగతావాళ్ళ సైకిళ్ళకి నీళ్ళు పోశాను. నా మోచేతి మీద నీళ్ళు పడి మండితే, "రేపటికి పొరకడుతుందిలే," అన్నారు.

ఉతికిన బట్టలు తాడు మీద ఆరేశాం. ఆరేసినప్పుడు ఇంకా సముద్రపు గాలే, తగ్గుముఖం పట్టినా. పద్నాలుగు చొక్కాలు నేల వైపుకి చేతులు చాచి ఊగుతున్నాయి. తొమ్మిదింటికి భోజనం అయ్యి బయటికొస్తే అన్నీ తిన్నగా వేలాడుతున్నాయి, ఒక్కటి కూడా కదలట్లేదు. తెల్లవారి నాలుగున్నరకి ఎవరో లేపితే కళ్ళు నులుముకుంటూ వచ్చాను. చొక్కాలన్నీ అటు తిరిగి సముద్రం వైపు ఊగుతున్నాయి.

చీకట్లో వరస కట్టాం. నేను అడక్కుండానే వెళ్ళి బాబాయి వెనక నిలబడ్డాను. దీపం వెలుగులో ముందున్న సైకిల్ చూస్తే ఒక్క క్షణం వేరెవరిదో అనుకున్నాను. మట్టి గీత లేదు. మడ్‌గార్డ్ తళతళలాడుతోంది. అప్పుడు కనపడింది, పగిలిన రిఫ్లెక్టర్, దాని పక్కన రాగి తీగ, మూడు మెలికలు.

"పదండి పదండి," అంటున్నారు బాబాయి ముందు నుంచి, "గాలి మారకముందే సగం దూరం పోవాలి."